పొగగొట్టం ఎక్కే ఆట

2019 వేసవిలో ఒక చిన్న ఫెలోషిప్ మీద మూడు నెలలు ఇంగ్లండులో ఉన్నాను. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చి అప్పటికి ఏడాది. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో బాల్యం గురించి చేసిన పరిశోధన అది. దాన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళి, ఇంగ్లీషు నవలల్లో కనిపించే ఆడపిల్లల బాల్యంతో కలిపి చదవాలని నా ఆలోచన. వారమంతా లైబ్రరీల్లో గడిచేది. శని, ఆదివారాలు డార్బీలో ఉంటున్న మా పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళేదాన్ని. అక్క అక్కడ ఆస్పత్రిలో నర్సు. వాళ్ళ పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

ఒక ఆదివారం పొద్దున అక్క, "నీ సబ్జెక్టు మీద ఇక్కడికి దగ్గర్లోనే ఒక మ్యూజియం ఉంది, పాపకి కూడా కాలక్షేపం అవుతుంది, పద" అని బయలుదేరదీసింది. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని కార్లో అరగంట ప్రయాణం చేసి సడ్‌బరీ చేరాం.

సడ్‌బరీ హాల్ అనేది జార్జ్ వెర్నన్ అనే భూస్వామి 17వ శతాబ్దం రెండో సగంలో కట్టించుకున్న ఇల్లు. ఎర్ర ఇటుక గోడల మీద ముదురు ఇటుకలతో గళ్ళు గళ్ళుగా అల్లిక, కప్పు మీద మధ్యలో చిన్న గోపురం, వెనక చెరువు. 1967 నుంచి నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. లోపలికి అడుగు పెట్టగానే తెల్లటి చెక్కమెట్ల వరస. దాని కటకటాలని ఎడ్వర్డ్ పియర్స్ అనే శిల్పి ఆకులుగా, పళ్ళుగా చెక్కాడు. పైన 138 అడుగుల పొడవున్న లాంగ్ గ్యాలరీ. వాన పడుతున్నప్పుడు దొరలూ దొరసానులూ బయటికి పోలేక అందులోనే అటూ ఇటూ నడిచేవారట. "మనింటి నాలుగు గదులూ వరసగా పెట్టినా ఇంత ఉండవు" అంది అక్క.

నాకు మాత్రం ఆ ఇల్లు చూడకముందే తెలుసు. 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' మీద బీబీసీ 1995లో తీసిన సీరియల్‌లో పెంబర్లీ లోపలి దృశ్యాలు ఇక్కడే తీశారు. ఎలిజబెత్ ఆ ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఇల్లంతా తిప్పి చూపించేది మిసెస్ రెనాల్డ్స్. ఆ ఇంటి పనివాళ్ళమీద పెద్ద. డార్సీని నాలుగేళ్ళ వయసునుంచీ ఎరుగుదునని, అతని నోట కటువైన మాటే వినలేదని చెప్తుంది. ఎలిజబెత్ మనసు మారడానికి ఆ మాటలు ఎంత పని చేశాయో ఆ నవల చదివినవాళ్ళందరికీ తెలుసు. ఎం.ఏ.లో మాకు పాఠం చెప్పిన మేడం కూడా ఆ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగారు. కానీ డార్సీకి నాలుగేళ్ళున్నప్పుడు మిసెస్ రెనాల్డ్స్‌కి ఎన్నేళ్ళు, ఆవిడ ఎన్నో ఏట పనిలో చేరి ఉంటుంది అని మేమెవరం అడగలేదు. ఆ రోజు ఆ మెట్ల మీద నిలబడి కూడా నేను అడగలేదు. ఆ ఇంట్లో దొరబిడ్డ బాల్యాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా ఆవిడ ఉద్యోగంలో భాగమే అన్న ఊహ నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

బాల్యం గురించిన మ్యూజియం ఈ పెద్ద గదుల్లో లేదు. పక్కన 19వ శతాబ్దంలో ఇంటి చాకిరీ కోసం, చాకిరీ చేసేవాళ్ళకోసం కట్టిన భాగంలో ఉంది. అప్పట్లో 'మ్యూజియం ఆఫ్ ఛైల్డ్‌హుడ్' అనేవారు. 2022లో మొత్తం ఇంటికీ కలిపి 'ది చిల్డ్రన్స్ కంట్రీ హౌస్ ఎట్ సడ్‌బరీ' అని కొత్త పేరు పెట్టారు. గదుల నిండా బొమ్మలు. పింగాణీ ముఖాల బొమ్మలు, ఊగే చెక్క గుర్రాలు, రైళ్ళు, బొమ్మరిళ్ళు. బొమ్మరింటి దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. వేలెడంత బల్లలు, గోరంత గిన్నెలు. ఇల్లు నడపడం ఆడపిల్లకి ఆటలోనే నేర్పేస్తారని మనం ఎన్ని వ్యాసాల్లో రాసుకోలేదు! అన్నకి రైలు, చెల్లికి వంటగది. నోట్‌బుక్ తీసి గబగబా రాసుకున్నాను. నా పరిశోధనకి కావలసింది దొరికిందని సంబరపడ్డాను కూడా.

తర్వాతి గదిలో పొగగొట్టం ఉంది. 

పని చేసిన పిల్లల గురించి కూడా ఈ మ్యూజియం చెప్తుంది. దాచిపెట్టలేదు. నిప్పుగూళ్ళ పొగగొట్టాల్లోకి పాకి మసి దులిపిన పిల్లల కష్టం ఎలా ఉండేదో ఈ కాలం పిల్లలకి తెలియాలని, ఎక్కి చూసుకునే ఒక పొగగొట్టం కట్టిపెట్టారు. "పిన్నీ, నేను ఎక్కుతా" అంటూనే పాప అందులోకి దూరింది. లోపల్నుంచి నవ్వులు. ఒకసారి దిగి మళ్ళీ వరసలో నిలబడింది. వెనకాల ఇంకో ఏడెనిమిది మంది పిల్లలు. అక్క ఫోనులో ఫొటోలు తీస్తోంది. నేనూ నవ్వుతూనే ఉన్నాను.

ఆ పిల్లల కథ నాకు పుస్తకాల్లో తెలుసు. చిన్న శరీరాలైతేనే ఆ సందుల్లో పడతాయి కాబట్టి చిన్నపిల్లల్నే తీసుకునేవారు. అనాథాశ్రమాలనుంచో, పేద తల్లిదండ్రుల దగ్గర్నుంచో. కొందరు మేస్త్రీలు సొంత కూతుళ్ళనీ ఎక్కించారు. మోచేతులు, మోకాళ్ళు గోడకి ఆనించి పైకి పాకాలి. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన మసివల్ల వాళ్ళకి ఒక రకం కాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఈ పనిలో పెట్టకూడదని 1788లో చట్టం చేశారు. ఇరవైయొక్కేళ్ళలోపు వాళ్ళెవరూ ఎక్కకూడదని 1840లో ఇంకో చట్టం వచ్చింది. చట్టాలు వస్తూనే ఉన్నాయి, పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్‌లో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు ఒక ఆస్పత్రి పొగగొట్టంలో ఇరుక్కుని చనిపోయాక, ఆ ఏడాది చేసిన చట్టంతో గాని ఆ పని ఆగలేదు. మొదటి చట్టం నుంచి లెక్క వేస్తే 87 ఏళ్ళు.

వెనక్కి తిరిగితే పెద్ద ఇంట్లో చూసిన డ్రాయింగ్ రూం గుర్తొచ్చింది. అక్కడ నిప్పుగూడు పైన గ్రిన్‌లింగ్ గిబ్బన్స్ చెక్కిన పక్షులూ, చేపలూ, పళ్ళూ ఉన్నాయి. కొయ్యలో చెక్కినవంటే నమ్మలేం. అవి చెక్కినవాడి పేరు ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తారు. అలాంటి నిప్పుగూళ్ళ వెనక గోడలో మసి దులిపిన పిల్లల పేర్లు చెప్పడానికి ఎవరి దగ్గరా లేవు. జార్జ్ బ్రూస్టర్ పేరు మిగిలింది, చనిపోయాడు కాబట్టి.

ఆ పక్కనే పాతకాలపు బడి. విక్టోరియా రాణి నాటి తరగతి గది. బల్లలు, నల్లబల్ల, ముందు టీచరు నిలబడే చోటు. పాప వెంటనే టీచరైపోయింది. అమ్మనీ నన్నూ బల్లమీద కూచోబెట్టి, వేలు ఆడిస్తూ, "సైలెన్స్! చేతులు చాపండి" అని అరిచింది. మేము చేతులు చాపాం. గట్టిగా నవ్వొచ్చింది నాకు. అక్కతో, "నేనూ చిన్నప్పుడు ఇలాగే బడి ఆట ఆడేదాన్ని, మా ఇంట్లో పనిచేసే పిల్లకి అక్షరాలు నేర్పింది నేనే తెలుసా" అన్నాను.

అక్క ఫోను దించి నావైపు చూసింది. "దాని వయసెంత అప్పుడు?" అంది.

"తొమ్మిది" అన్నాను.

అక్క ఇంకేమీ అనలేదు. పాప వైపు చూసింది. పాపకి ఎనిమిదేళ్ళని చెప్పాను కదా.

*

ఆ పిల్ల మా ఇంటికి 1996లో వచ్చింది. అప్పుడు మేం నల్లగొండలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు. తమ్ముడు పుట్టాడు. అమ్మ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం లెక్చరర్. సెలవు అయిపోయింది, నానమ్మకి మోకాళ్ళ నొప్పులు. కాలేజీలో అటెండరు దేవరకొండ దగ్గర వాళ్ళ ఊరినుంచి ఈ పిల్లని తీసుకొచ్చాడు. తండ్రి లేడు, కింద ఇంకో ఇద్దరు. "తిండీ బట్టా పెట్టి, నెలకి ఏదో ఇంత వాళ్ళమ్మకి పంపండమ్మా" అన్నాడు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి అని వచ్చిన పిల్ల నెల తిరిగేసరికి అంట్లు తోముతోంది. ఆర్నెల్లకి ఇల్లు ఊడ్చి తుడవడం, బట్టలు ఆరేయడం, నా రెండు జడలు వేయడం కూడా ఆమె పనే అయింది. శుక్రవారం రాత్రి నా తెల్ల బూట్లకి సుద్ద పూసి కిటికీలో ఆరబెట్టేది. పొద్దున నా పుస్తకాల సంచీ మోసుకుంటూ సందు చివర దాకా వచ్చి, రిక్షా ఎక్కించి వెనక్కి పోయేది.

నాకంటే ఏడాది పెద్దదైనా నన్ను "అక్కా" అనేది. అలా అనమని ఎవరు చెప్పారో నాకు గుర్తులేదు. వాళ్ళది మా కులం కాదు. ఆమె కంచం, గ్లాసు వేరుగా పెరటి కిటికీలో ఉండేవి. మా ఇంట్లో అంటూ సొంటూ ఏమీ లేవని అమ్మ నలుగురిలో అనేది. ఆ కిటికీ సంగతి మాత్రం ఎవరికీ తోచేది కాదు.

ఇంకొకటి. ఆమె పేరు మా మేనత్త పేరే. ఇంటి ఆడబిడ్డ పేరు పెట్టి పనిపిల్లని పిలవడం, కసరడం ఎలా అని నానమ్మ వచ్చిన రోజే పేరు మార్చేసింది. నాలుగేళ్ళూ ఆ మార్చిన పేరుతోనే పిలిచాం. ఇంగ్లండులో పెద్దింట్లో పనికి చేరిన అమ్మాయి పేరు ఇంటివాళ్ళకి నచ్చకపోయినా, ఇంట్లోవాళ్ళ పేరుతో కలిసినా మార్చేసి, మేరీ అనో మరొకటో పిలిచేవారని చదివినప్పుడు నేను మార్జిన్‌లో పెద్ద ఆశ్చర్యార్థకం పెట్టాను. అది చదివేటప్పుడు కూడా మా నానమ్మ గుర్తు రాలేదు.

బడి ఆట సాయంత్రాలు ఆడేవాళ్ళం. పెరటి తలుపు నల్లబల్ల. నేను టీచరు, ఆమె పిల్ల. అఆలు, గుణింతం, తన పేరు రాయడం నేర్పాను. ఆమె పలక పట్టుకుని మెట్టుమీద కూచున్న దృశ్యం నాకు ఎంతో ఇష్టమైన జ్ఞాపకం. నా సిద్ధాంత గ్రంథం ముందుమాటలో కూడా రాసుకున్నాను, నా మొదటి విద్యార్థిని మా ఇంట్లో పనిచేసిన ఒక అమ్మాయి అని, చదువు అందని ఆడపిల్లల గురించిన ఆలోచన నాలో అక్కడే మొదలైందని. వైవా రోజున ఒక ప్రొఫెసర్ ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

సడ్‌బరీ నుంచి తిరిగి వస్తూ కార్లో మొదటిసారి తట్టింది. నేను నేర్పింది ఏ పేరు రాయడం? మేం పెట్టిన పేరు.

*

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక కుట్టుపని గుడ్డ ఉంది. 1830 ప్రాంతంలో ఎలిజబెత్ పార్కర్ అనే యువతి తెల్ల నారబట్ట మీద ఎర్ర దారంతో, అడ్డం నిలువు కుట్టుతో తన కథంతా అక్షరాలుగా కుట్టుకుంది. పదమూడో ఏట ఒక ఇంట్లో పసిపిల్లల్ని చూసుకునే పనికి చేరింది. తర్వాత పని చేసిన ఇంట్లో యజమాని చేతిలో పడిన హింస, చనిపోదామనుకున్న రోజులు, అన్నీ కుట్టింది. చివరి వాక్యం పూర్తికాకుండానే ఆగిపోతుంది. మామూలుగా ఆడపిల్లలకి ఆ కుట్టు నేర్పేది అక్షరాలూ పువ్వులూ కుట్టడానికి. పేదపిల్లలకైతే రేపు యజమాని ఇంటి దుప్పట్ల మీద గుర్తులు కుట్టే పనికి పనికొస్తుందని. ఆమె ఆ సూదితోనే ఆత్మకథ రాసింది. 

దాని గురించి నేను సెమినార్ పేపర్ రాశాను. స్త్రీల ఆత్మకథ అంటే అచ్చయిన పుస్తకం ఒక్కటే కాదని వాదించాను. 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చినప్పుడు, చదువురాని ఆడవాళ్ళు నోటితో చెప్పిన జీవితాలని చరిత్రగా నిలబెట్టింది కదా అని ఉదాహరణ ఇచ్చాను. తెలంగాణ గడీల్లో దొరసాని పెళ్ళై పోతుంటే సారెతోపాటు వెంట పంపిన ఆడపిల్లల్ని, ఆడబాపలని పిలిచేవాళ్ళని గురించి పేజీన్నర రాశాను. మన ఊళ్ళలోనూ సడ్‌బరీలు ఉన్నాయి, కూలిపోతున్న గడీల్లో ఆ పిల్లలు పడుకున్న మూల ఏదో చూపించే బోర్డు ఒక్కటీ లేదు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇదంతా నిజమే. ఇందులో ఏ వాక్యాన్నీ వెనక్కి తీసుకోను. కానీ గడీ గురించి అంత సులువుగా రాయగలిగిన దాన్ని, నల్లగొండలో మా రెండు గదుల అద్దె ఇల్లు నాకు ఎందుకు కనపడలేదు? గడీ దొరది. ఎదుటివాడిది. మా ఇల్లు ఒక ఉద్యోగం చేసుకునే స్త్రీది, కష్టపడి పైకొచ్చిన మా అమ్మది. అందుకే అనుకుంటాను.

ఇండియాకి తిరిగొచ్చాక అమ్మని అడిగాను. ముందు అమ్మకి కోపం వచ్చింది. "కన్నపిల్లలాగే చూసుకున్నాం. పండక్కి నీకు కొన్న గుడ్డే దానికీ కొన్నాను. అక్కడుంటే ఏమయ్యేది, పత్తి చేలో పనికి పోయేది" అంది. అదీ అబద్ధం కాదు. ఆ ఏళ్ళలో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల కోసం పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దే పనికి వేలమంది ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. చిన్న చేతులైతే పువ్వు నలగదని. అక్కడ పొగగొట్టం, ఇక్కడ పత్తిపువ్వు.

కాసేపటికి అమ్మే మళ్ళీ మొదలుపెట్టింది. "క్లాసులో ఇరవై నాలుగో అధికరణం చెప్పేదాన్ని. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు అని. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కదా అనుకున్నాను." చట్టమూ అప్పుడు అలాగే అనుకుంది. 1986 బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల్లో ఇంటిపని లేదు. 2006 అక్టోబరు 10 నుంచి గాని దాన్ని చేర్చలేదు. అప్పటికి మా ఇంట్లో పనిచేసిన పిల్లకి పెళ్ళై, ఒక బిడ్డ తల్లయింది.

"మరేం చేసి ఉండేదాన్నో నువ్వే చెప్పు" అంది అమ్మ. "ఉద్యోగం మానేయనా? మీ నాన్న మంచినీళ్ళు కూడా తన చేత్తో ముంచుకునేవారు కాదు."

దీనికి జవాబు చెప్పడం నాకు తేలిక కాలేదు. అమ్మ ఉద్యోగం మానకపోవడం వల్లే నేను చదువుకున్నాను. అమ్మలాంటి వాళ్ళ గురించే మనం ఇన్నాళ్ళూ రాశాం, ఇంటా బయటా రెండు చాకిరీలు అని. ఆ రెండో చాకిరీ అమ్మ నెత్తిమీంచి దిగినప్పుడు అది నాన్న చేతుల్లోకి పోలేదు. తొమ్మిదేళ్ళ ఇంకో ఆడపిల్ల చేతుల్లోకి పోయింది. మా ఇంట్లో నాన్నకీ అమ్మకీ ఇంటిపని గురించి ఎప్పుడూ గొడవ జరగలేదు. జరగాల్సిన ఆ గొడవ జరగకుండా అడ్డం నిలబడింది ఆ పిల్ల. అమ్మని దోషిగా నిలబెట్టి నేను పక్కకి తప్పుకోవడం కుదరదు. నాన్ననీ ఎవరూ ఏమీ అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మాటలు జరుగుతున్నంతసేపూ ఆయన పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారు.

*

కరోనా వచ్చి రెండేళ్ళు పోయాయి. రిటైరైన ఆ అటెండరు ద్వారా చివరికి 2023 డిసెంబరులో ఆమె ఊరికి వెళ్ళాను. ఏం అడగాలో, ఏం చెప్పాలో బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది ఆమె. నేను వెళ్ళేసరికి గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. ముఖం చూడగానే పోల్చుకుంది. "అక్కా! నువ్వా?" అని చెయ్యి చీరకి తుడుచుకుని, బడిలోంచి కుర్చీ తెచ్చి వేసింది. "నువ్వే పెద్దదానివి, నన్ను అక్కా అనకు" అంటే నవ్వింది. "నోరలవాటయింది గదా" అంది. ఇంటికి తీసుకెళ్ళి టీ పెట్టింది. పెద్దకూతురు డిగ్రీ చదువుతోందని గోడమీద ఫొటో చూపించింది.

నేను నెమ్మదిగా బడి ఆట సంగతి ఎత్తాను. "గుర్తుందా?" అన్నాను.

"యాదికి లేకేం? నువ్వు పంతులమ్మవు. నేను మొద్దు పిల్లను" అంది. "నాకు అఆలు తొందర్లనే వచ్చినయి. సరిగ్గ రాస్తే నువ్వు ఊకోకపోతుంటివి. తప్పు రాయమంటివి. తప్పు రాస్తేనే గదా స్కేలుతోని కొట్టాలె. గదే ఆట. వచ్చినా రానట్టే రాస్తుంటి."

నాకు స్కేలు గుర్తులేదు. నిజంగానే లేదు. అరచెయ్యి చాపి చూపించింది, దెబ్బ ఎక్కడ పడేదో. నవ్వుతూనే. ఆ నవ్వు చూస్తే సడ్‌బరీలో పాప ముందు చేతులు చాపి నవ్విన మేము గుర్తొచ్చాం. మేం నవ్వగలిగాం, ఎందుకంటే లేచి వచ్చేయగలం.

"కోపం రాలేదా నా మీద?" అన్నాను.

"కోపమెందుకు? అంట్ల కాడికంటె అదే నయముండె. కూసునుడన్న దొరికేది."

ఆ మాట విన్నాక ఇంకేం అడగాలో నాకు తోచలేదు. నేను ఆడుకున్నాను. ఆమె నన్ను ఆడించింది. తమ్ముణ్ణి ఎత్తుకోవడం, నా జడలు వేయడం, నాతో బడి ఆట ఆడటం అన్నీ ఆమెకి ఒకే వరసలోని పనులు. అందులో కాళ్ళకి కాస్త విశ్రాంతి దొరికే పని ఒకటి. మ్యూజియంలో పిల్లలు వరసలో నిలబడి ఎక్కిన పొగగొట్టానికీ, పని పిల్లలు ఎక్కినదానికీ ఎంత తేడా ఉందో నాకు ఆ మెట్టు మీద మా ఇద్దరి మధ్య అంత తేడా ఉండేది. నేను దాన్ని ఇరవై ఏళ్ళకి పైగా చదువు చెప్పడం అనుకున్నాను.

క్షమించమని అడుగుదామని వెళ్ళాను. అడిగితే ఆమె "అయ్యో, అట్లనకు" అంటుంది, నేను తేలికపడి బస్సెక్కుతాను, ఆ పని కూడా ఆమె చేతనే చేయించినట్టవుతుంది అనిపించింది. అడగలేదు. చేసింది సరైనదో కాదో నాకు తెలియదు. "నీ గురించి రాయొచ్చా?" అని మాత్రం అడిగాను.

కాసేపు ఆలోచించింది. "రాయి. నా పేరు పెట్టకు. మా బిడ్డ దోస్తులు చదువుతరు" అంది. మళ్ళీ అంది, "మీ ఇంట్ల పేరు అసలే పెట్టకు." అందుకే ఈ వ్యాసంలో ఆమెకి ఏ పేరూ లేదు.

నేను లేస్తుంటే, "తమ్ముడు ఎట్లున్నడు?" అని అడిగింది. "సంకురాత్రి రేపనంగ నడిచిండు. నా చెయ్యి ఇడిసిపెట్టి తలుపు దాంక పోయిండు. అమ్మ కాలేజీల ఉండె. నేనే చూసిన." వాడికి జ్వరం వస్తే ఏ పక్కన పడుకుంటే నిద్రపోయేవాడో, ఏ పాటకి ఏడుపు మానేవాడో అన్నీ చెప్పింది. మా అమ్మకి కూడా తెలియని సంగతులు. మిసెస్ రెనాల్డ్స్ నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఎం.ఏ. క్లాసులో గుర్తురావలసినంతగా.

సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రాబోతోంది. ముందుమాటలో ఆ రెండు వాక్యాలు తీసేశాను. వాటి బదులు ఏం రాయాలో ఇంకా కుదరలేదు. 

ఆ రోజు బస్సులోంచే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నీకు నడక నేర్పినావిడని కలిసి వస్తున్నాను అన్నాను. "ఎవరు? మనింట్లో అలా ఒకరు ఉండేవారా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. వాడి తప్పు లేదు, ఆమె వెళ్ళిపోయేటప్పటికి వాడికి నాలుగేళ్ళు.

"ఆవిడ పేరేంటక్కా?" అని అడిగాడు.

అసలు పేరు చెప్పాను. "అదేంటి, అత్త పేరు కదా" అన్నాడు.